ఊరగాయల ఐదో ఫారం

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో చెయ్యి ఇంకా తడుముకుంటూనే ఉంటుంది. ఈ కాసిని కాగితాలు రాయడానికి నాలుగు నెలలు పట్టింది. రోజుకొక పేజీ మించి రాయలేను, అందులో సగం మర్నాడు కొట్టేస్తాను. వైదేహి టీచరు ఎర్రపెన్నుతో దిద్దిపెట్టారు. ఆవిడ కంటికి చిక్కని తప్పులు ఏమైనా ఉంటే అవి నావి. ఇక కథ.

విజయవాడ గవర్నరుపేటలో ఒక సందు చివర ముక్కామల ఆదిశేషు గారి పుస్తకాల దుకాణం ఉంది. ముందు గదిలో ఆయన పుస్తకాలు ప్రచురిస్తారు, అమ్ముతారు. వెనక గదిలో బైండింగు. అచ్చు మాత్రం వేరేచోట, ప్రెస్సులో. ప్రెస్సు నుంచి పెద్ద పెద్ద కాగితాలు వస్తాయి. ఒక్కో కాగితం మీద అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, మొత్తం పదహారు పేజీలు. దాన్నే ఫారం అంటారు. విప్పి చూస్తే తలాతోకా ఉండదు. ఒక పేజీ నిలబడి ఉంటే పై పేజీ తలకిందులుగా ఉంటుంది. ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ కూర్చుంటుంది. దాన్ని సగానికి ఒకసారి, సగానికి మరోసారి, ఇంకా సగానికి ఇంకోసారి మడిచి, అంచులు కోస్తే, అప్పుడు ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు వస్తాయి.

ఆ మూడు మడతలు ముప్పయ్యేళ్లుగా వేస్తున్న మనిషి నాంచారమ్మ. పెనిమిటి కూడా అక్కడే కుట్టుపని చేసేవాడు. ఆయన పోయాక ఆయన సూది, దారం కూడా ఆమె చేతికే వచ్చాయి. అంకెలు తెలుసు, అక్షరాలు తెలియవు. ఎన్ని లక్షల పేజీలు మడిచిందో ఆమెకే లెక్క లేదు గాని, వాటిల్లో ఒక్క మాట ఏమిటో కూడా తెలియదు.

దాని వల్ల ఒకసారి పెద్ద పొరపాటే జరిగింది. జాతక పరిహారాల పుస్తకమూ, ఊరగాయల పుస్తకమూ ఒకే వారంలో మడతకొచ్చాయి. రెండూ ఒకే సైజు, ఒకే రకం కాగితం. ఐదో ఫారం అంటే అరవై ఐదో పేజీ నుంచి ఎనభై దాకా. అంకెలు సరిపోయాయి. నాంచారమ్మ ఊరగాయల ఐదో ఫారం తీసుకెళ్లి జాతకాల్లో పెట్టి కుట్టేసింది. రెండొందల కాపీలు బజారుకెళ్లాయి. అందులో అరవై నాలుగో పేజీ చివర, "వివాహం ఆలస్యమయ్యేవారు శుక్రవారం తెల్లవారుజామున తలస్నానం చేసి" అని ఉంది. ఎదురు పేజీలో, "పావుకిలో ఆవపిండి పట్టించి, తడి తగలకుండా మూడు రోజులు ఊరనిచ్చి, నాలుగో రోజు తిరగ కలుపుకోవాలి" అని ఉంది.

తెనాలి నుంచి ఒకాయన కార్డు రాశాడు, అమ్మాయికి సంబంధం కుదిరిందని. తక్కినవాళ్లు తిట్టారు. పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించి, కుట్లు విప్పి, ఆ ఫారాలు బయటికి లాగి, కట్టగట్టి అటక మీద పడేశారు. శేషు గారు ఒక్క మాట అనలేదు. కాని ఆ తర్వాత నాంచారమ్మ మడిచిన ప్రతి ఫారాన్నీ ముందు గదిలోకి తీసుకెళ్లి, చదువొచ్చిన వాళ్లెవరికో చూపించి, సరే అనిపించుకుని గాని కుట్టకూడదన్నారు. తిడితే మర్చిపోయేది. ఇది మాత్రం ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఒకరోజు శేషు గారి ఎదుట నిలబడి అడిగింది.

"నాలాంటోళ్లు చదువుకునే పుస్తకం ఒకటి వెయ్యరాదండీ?"

"పిల్లల వాచకాలు ఉన్నాయిగా నాంచారమ్మా."

"ఉడత, ఊయల నాకెందుకండి. సూది, దారం, కత్తెర, రేషన్ కార్డు, ఇట్టాంటియి కావాలి. అక్షరం ఇంత లావున ఉండాలి. కళ్లజోడు పెట్టుకున్నా నాకు సన్నక్షరం ఆనదు."

శేషు గారికి ఆ మాట నచ్చింది. రిటైరైన వైదేహి టీచరు చేత రాయించారు. నలభై ఎనిమిది పేజీలు, అంటే సరిగ్గా మూడు ఫారాలు. పేరు 'పొద్దున్నే ఒక పేజీ'. టీచరు గారు పేటలో పనులకెళ్లే ఆడవాళ్లను నలభై మందిని పోగేసి, దసరా వెళ్లగానే పొద్దున ఆరింటికి బడి పెడతానని చెప్పారు. పుస్తకం ప్రెస్సుకి వెళ్లడమే తరువాయి.

సరిగ్గా అప్పుడే మండలివాళ్లు తూర్పు ఆసియా నుంచి తిరిగొచ్చారు.

సృజన సంస్కృతి పరిశ్రమల మండలి అని ఒకటుంది. అక్కడి పుస్తక ప్రచురణ ఏ తీరుగా వర్ధిల్లుతోందో పరిశీలించడానికి పదకొండు మంది అధికారులు కొరియా, జపాన్, తైవాన్ దేశాలకు పన్నెండు రోజులు వెళ్లొచ్చారు. వచ్చిన మూడో వారంలో ఉత్తర్వు వెలువడింది. శేషు గారు దాన్ని వెనక గదిలోకి తెచ్చి చదివి వినిపించారు.

"'ప్రచురణ అనునది ఒంటరి వ్యాపకము కాదనియు, సంస్కృతి పరిశ్రమల సమాహారమందు అది ఒక అంగము మాత్రమేననియు అధ్యయనమున తేటతెల్లమైనది. కావున ఇకమీదట సాంస్కృతిక ఉత్పత్తి అర్హతా పత్రము లేనిదే ఏ ముద్రణాలయమును నూతన గ్రంథమును ముద్రించరాదు.'"

"అంటే ఏంటండి?"

"అంటే, వెళ్లి అడగాలి."

మర్నాడు వెళ్లారు. పుస్తకం నమూనా సంచిలో పెట్టుకుని నాంచారమ్మ కూడా వెళ్లింది. మండలిలో ముఖ్య వ్యూహాధికారి ఉమాకాంతేశ్వరరావు గారు. బల్ల మీద రెండు వేళ్లు హృదయాకారంలో మడిచిన ప్లాస్టిక్ చెయ్యి, వెనక గోడ మీద ఆయన పువ్వుల చెట్టు కింద నిలబడ్డ ఫొటో. నమూనాను ఆయన చేత్తో తాకలేదు. దూరం నుంచే చూసి నవ్వారు.

"శేషు గారూ, మీరింకా పుస్తకం దగ్గరే ఆగిపోయారు."

"ప్రచురణకర్తని కదండీ."

"అదే వద్దంటున్నాను. అక్కడ పుస్తకం ప్రచురించి ఎవరూ ఊరుకోరు. పుస్తకం సీరియల్ అవుతుంది. సీరియల్ పాటవుతుంది. పాట బొమ్మవుతుంది. బొమ్మ కాఫీ హోటలవుతుంది. ప్రచురణకర్తల కోసమే కట్టిన ఊరొకటి ఉందక్కడ, తెలుసా మీకు? వెళ్లొచ్చాం."

"ఆహా. ఎలాంటి పుస్తకాలున్నాయండీ అక్కడ?"

"లోపలికెళ్లడానికి సమయం చాలలేదు. బయట ఫొటోలు దిగి, బొమ్మల దుకాణానికెళ్లాం."

గోడకి ఒక పటం తగిలించి ఉంది. చుట్టూ వలయాలు. సీరియల్ ఒకటి, పాట ఒకటి, బొమ్మలు, ఆటలు, అభిమాన సంఘం, హోటలు. ప్రతి వలయం నుంచీ ఒక గీత బయల్దేరి మధ్యకి వెళ్తుంది. మధ్యలో ఏమీ లేదు. నాంచారమ్మ చదవలేదు గాని చూడగలదు కదా.

"మధ్యన ఖాళీగా ఉందేంటండి?" అని అడిగింది.

ఉమాకాంతేశ్వరరావు గారు పటం వైపు మొదటిసారి చూసినట్టు చూశారు. పక్క గుమాస్తాను పిలిచి అడిగితే సంగతి బయటపడింది. అక్కడివాళ్లిచ్చిన పటంలో మధ్యన ఒక చుక్క, దాని కింద 'పుస్తకం' అని చిన్నక్షరాలు ఉండేవట. అది ఒకసారి జిరాక్స్ తీసి, ఆ జిరాక్సుని ఇంకో జిరాక్స్ తీసి, దాన్ని పెద్దది చేసేసరికి చుక్క ఎగిరిపోయింది. నిబంధనలన్నీ ఈ పటం చూసే రాశారు.

"దానివల్ల ఇబ్బంది లేదు," అన్నారు ఆయన తేరుకుని. "గీతలన్నీ చక్కగా కలుస్తున్నాయి కదా."

అర్హతా పత్రం కావాలంటే ఏమేం కావాలో గుమాస్తా చదివాడు. గ్రంథానికి ఒక ప్రధాన పాత్ర ఉండాలి. ఆ పాత్ర కళ్లు ముఖంలో సగానికి తగ్గకూడదు. పాత్ర పేర కనీసం మూడు ఉపవస్తువులు తయారుచేయాలి. అభిమాన సంఘం ఉండాలి. గ్రంథకర్త పన్నెండు వారాల రంగప్రవేశ శిక్షణ పొంది ఉండాలి.

"ఇది అక్షరాలు నేర్పే పుస్తకమండీ," అన్నారు శేషు గారు. "ఇందులో పాత్రలుండవు."

"అక్షరాలున్నాయిగా. అందులో బాగా బాధపడ్డ అక్షరం ఏది?"

సమాధానం అధికారి గారికే తట్టింది. "బండి ఱ. చూడండి, ఒకప్పుడు అందరితో పాటు బతికింది. తర్వాత తనవాళ్లే వదిలేశారు. ఇప్పుడు ఎవరూ పిలవరు. వర్షంలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. జనం ఏడవకపోతే నన్నడగండి."

"కాని, మా పుస్తకంలో బండి ఱ లేదండీ. వాడుకలో లేదని తీసేశాం."

"చూశారా, మీరూ వదిలేశారు. అదే కథ."

అలా 'పొద్దున్నే ఒక పేజీ'కి అందులో లేని అక్షరం కథానాయకుడైంది.

మూడు నెలలు అదే పని. కొండపల్లి నుంచి ఒక బొమ్మల మేస్త్రిని పిలిపించి బండి ఱకి కళ్లు పెట్టించారు. సగం ముఖం కళ్లయ్యేసరికి ముక్కుకు చోటు చాలలేదు. మేస్త్రి కూడా ఏడుపు ముఖం పెట్టి, "నా చేత్తో ఇట్టాంటిది చెయ్యలేదండి ఎప్పుడూ," అన్నాడు. మూడు ఉపవస్తువులూ నిర్ణయమయ్యాయి. బొమ్మ ఒకటి, కప్పు ఒకటి, చిన్న దిండు ఒకటి. బడికి పేరిచ్చిన నలభై మంది ఆడవాళ్లనీ అభిమాన సంఘంగా నమోదు చేశారు. వాళ్లు వారానికొకసారి మండలి ఆవరణలో నిలబడి ఆకుపచ్చ దీపాలు ఊపాలి. ఇళ్లల్లో గిన్నెలు తోమి వచ్చి ఊపేవాళ్లు.

"ఎవురి కోసం ఊపుతున్నామే?" అని ఒకామె అడిగితే, "ఏదో అక్షరమంట, పోయిందంట పాపం," అని పక్కామె చెప్పింది.

అన్నిటికంటె కష్టం వైదేహి టీచరు గారిది. అరవై ఏడేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. శిక్షణ కేంద్రంలో తక్కిన గ్రంథకర్తలతో కలిపి అద్దాల గదిలో నిలబెట్టారు. ఒక పక్క భూగర్భజలాల మీద సిద్ధాంత గ్రంథం రాసినాయన, ఇంకో పక్క సమగ్ర న్యాయ నిఘంటువు కూర్చినాయన. ముగ్గురూ ఒకేసారి నడుం తిప్పాలి.

"బుగ్గలకేదో పూస్తున్నారే, నత్త జిగురట," అని చెప్పారు టీచరు గారు బైండింగు గదిలో కూర్చుని కాళ్లు నొక్కుకుంటూ. "ముప్పయ్యారేళ్లు సుద్దముక్క పట్టుకున్న చేత్తో వేళ్లు మడిచి హృదయం చూపించమంటారు. నిఘంటువాయనకి చెయ్యి పడిపోయింది. రాసి రాసి కాదు, ఊపి ఊపి."

"మానెయ్యండి టీచరు గారూ," అంది నాంచారమ్మ. "నా కోసమని ఈ వయసులో మీకీ బాధెందుకు?"

"నోర్మూసుకో. నువ్వు నీ పేరు రాసేదాకా నేను నడుం తిప్పుతూనే ఉంటాను."

ఆ మాటకి నాంచారమ్మ ఫారం మడుస్తున్నట్టు తల వంచుకుంది. మడవడానికి అక్కడ ఫారం ఏదీ లేదు. పత్రాలు లేక కొత్త పుస్తకాలు ఆగిపోయి, గది అప్పటికి నెలన్నరగా ఖాళీ.

దసరా దగ్గరపడింది. పత్రం వచ్చింది. బంగారు అంచు, మండలి ముద్ర. శేషు గారు ఆత్రంగా చదివారు. బొమ్మ, అనుమతించడమైనది. కప్పు, అనుమతించడమైనది. దిండు, అనుమతించడమైనది. అభిమాన సంఘం, ప్రశంసనీయం. అక్కడితో పత్రం అయిపోయింది.

పరుగున మండలికెళ్లారు ఇద్దరూ.

"పుస్తకం అచ్చేసుకోవచ్చని ఇందులో లేదండీ."

ఉమాకాంతేశ్వరరావు గారు పత్రం తిప్పి చూశారు. "దరఖాస్తులో ఆ గడి లేదు కదా."

"గడి ఎందుకు లేదండీ?"

"పటం ప్రకారం తయారుచేశాం." ఆయన గోడ వైపు చెయ్యి చూపించారు. "పటంలో లేనిదానికి గడి ఎలా వస్తుంది? అయినా ఇంత సాధించాక మీకింకా పుస్తకం దేనికి? మీ పుస్తకం అప్పుడే దిండు దాకా వచ్చింది. వెనక్కెందుకెళ్తారు?"

"ఈమె చదువుకోవాలండీ," అన్నారు శేషు గారు.

అధికారి గారు నాంచారమ్మను ఆప్యాయంగా చూశారు. "అమ్మా, ఇంతకుముందు నువ్వు చదువు రాని మనిషివి. ఇప్పుడు అభిమానివి. ఇది చిన్న ఎదుగుదలా?"

ప్రెస్సుకి వెళ్లి బతిమాలారు. పత్రం లేని పుస్తకం వేస్తే మిషన్లకి సీలు వేస్తారని ప్రెస్సాయన చేతులు జోడించాడు. "నన్ను రోడ్డున పడెయ్యకండి శేషు గారూ. కావాలంటే పెళ్లిపత్రికలెయ్యమనండి, మిఠాయి కొట్లకి చుట్టే కాగితమెయ్యమనండి, రాత్రికి రాత్రి వేసిస్తా. అయ్యి ఎవుడూ అడగడు."

తిరిగొచ్చి శేషు గారు ముందు గదిలో తల పట్టుకుని కూర్చున్నారు. నాంచారమ్మ వెనక గదిలో ఊరికే అటూ ఇటూ తిరిగింది. నిబంధనల కాగితం బల్ల మీద ఉంటే తీసుకొచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఉపవస్తువులు దేంట్లో చుట్టాలో రాశారాండి ఇందులో?"

శేషు గారు వెతికి చదివారు. "'చుట్టు కాగితము ఉత్పత్తిదారుని అభిరుచికి విడువడమైనది.'"

"అయితే మన అభిరుచి ఫారమేనండి."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. ఆమె చేతి వేళ్లు లెక్కపెట్టింది. "బొమ్మకి ఒకటో ఫారం. కప్పుకి రెండోది. దిండుకి మూడోది. కొయ్యకుండా, మడవకుండా, విప్పదీసిన కాగితం. చూసేవోడికి తలకిందుల రాతలు. నలభై మందీ కాగితాలు ఇంటికి తీసకెళ్తారు. మడవడం నే నేర్పుతా."

శేషు గారు చెప్పులు వేసుకుని ప్రెస్సుకి బయల్దేరారు.

తనిఖీకి మండలి నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చుట్టిన దిండు చేతిలోకి తీసుకుని కాగితాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పై వరుస తిన్నగా పెడితే కింది వరుస తలకిందులైంది. తల వంచి చదవబోయి మెడ పట్టేసింది. "'కత్తెర' తర్వాత 'చిరునామా' ఉంది. దీనికి అర్థమేంటి?"

"అర్థం లేదండి," అంది నాంచారమ్మ.

"చదవడానికి వీల్లేకుండా ఉంది."

"చుట్టేదే గదండి."

ఆయన తృప్తిగా తలూపి రాసుకున్నాడు. 'చుట్టు కాగితము అత్యాధునికముగా ఉన్నది. అక్షరములను కేవలము అలంకారముగా వాడుట ముదావహము.'

పండగ వెళ్లిన ఆదివారం ప్రదర్శన. పెద్ద మైదానంలో మూడొందల దుకాణాలు. ముప్పయ్యారు మంది ప్రచురణకర్తలు. ఒక్క పుస్తకం లేదు. భూగర్భజలాల గ్రంథం నీలం రంగు నీళ్లసీసాగా అమ్ముడుపోతోంది. న్యాయ నిఘంటువు కాఫీ హోటలయింది. జనం కప్పుల మీదా, చొక్కాల మీదా, గొడుగుల మీదా రాసిన పేర్లు చూసి ఇవన్నీ ఎంత గొప్ప పుస్తకాలో అనుకుంటూ తిరుగుతున్నారు.

ప్రారంభానికి కొరియా నుంచి శ్రీమతి హాన్ మల్‌సూన్ అనే పెద్దావిడ వచ్చారు. అక్కడ ముప్పయ్యేళ్లుగా పుస్తకాలు ప్రచురిస్తున్న మనిషి. పొట్టిగా, నెరిసిన కురచ జుట్టుతో, నాంచారమ్మ ఈడున ఉన్నారు. దుబాసీగా మండలివాళ్లు హిమబిందు అనే అమ్మాయిని పెట్టారు. ఆ పిల్ల ఆ భాషని సీరియళ్లు చూసి నేర్చుకుంది. ప్రేమలూ, అలకలూ, ఆసుపత్రులూ అనర్గళంగా వస్తాయి. తక్కినవాటికి తడుముకుంటుంది.

శ్రీమతి హాన్ ఒక్కో దుకాణమే చూస్తూ, ముందు నవ్వుతూ, తర్వాత నవ్వకుండా నడిచారు. సగం మైదానం తిరిగాక ఆగి ఏదో అన్నారు.

"ఏమంటున్నారు?" అన్నారు ఉమాకాంతేశ్వరరావు గారు.

హిమబిందు గొంతు సవరించుకుంది. "'ఇన్నాళ్లూ నన్నెందుకు మభ్యపెట్టావు? వాటినెక్కడ దాచావు? నాకు నిజం చెప్పు,' అంటున్నారండీ."

"వేటిని?"

"పుస్తకాలనండీ."

"పుస్తకం దశ దాటేశామని చెప్పమ్మా."

అమ్మాయి ఏం చెప్పిందో గాని, ఆవిడ ముఖం ఎవరో పోయారన్న కబురు విన్నట్టయింది. సరిగ్గా అప్పుడు శేషు గారి దుకాణం ముందున్నారు. ఆనవాయితీ ప్రకారం అధికారి గారు ఆవిడకి బండి ఱ బొమ్మను బహూకరించారు. ఆవిడ కాగితం విప్పారు. బొమ్మను ఒకసారి చూసి బల్ల మీద పెట్టేశారు. కాగితం మాత్రం వదల్లేదు.

వెలుతురుకి పట్టుకుని చూశారు. వెనక్కి తిప్పారు. మూలనున్న అంకె మీద వేలు పెట్టి, ఆ పక్కనున్న అంకె మీదికి జరిపారు. నాంచారమ్మ ఆ వేలినే చూసింది. ఆ వేలు జరిగే తీరు ఆమెకి తెలుసు. అది చదివేవాళ్ల వేలు కాదు. మడిచేవాళ్ల వేలు.

శ్రీమతి హాన్ కాగితాన్ని బల్ల మీద పరిచి, సగానికి మడిచి, బొటనవేలి గోటితో అంచు లాగారు. తిప్పి మళ్లీ మడిచారు. మళ్లీ. సంచిలోంచి గోళ్ల కత్తెర తీసి అంచులు కోసి, ఒకటో పేజీ పైకి వచ్చేట్టు పెట్టి, ఉమాకాంతేశ్వరరావు గారి చేతికిచ్చారు.

ఆయన మొదటి పేజీ తెరిచారు. పెద్దక్షరాలతో 'సూది' అని ఉంది. తర్వాతి పేజీలో 'దారం'.

"శేషు గారూ," అన్నారు ఆయన, గొంతు బాగా తగ్గించి. "ఇది పుస్తకమా?"

వెనక వైదేహి టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఔనంటే ప్రెస్సుకి సీలు, నలభై మంది కాగితాలూ స్వాధీనం, ఆరింటి బడి అక్కడితో సరి.

"కాదండి," అంది నాంచారమ్మ ముందుకొచ్చి. "కాగితమేనండి. మడిస్తే అట్టా అవుద్ది."

"నీకెలా తెలుసు?"

శ్రీమతి హాన్ ఆమె వైపు తిరిగారు. చేతులు చూశారు. వేళ్ల కొసలు అరిగి నున్నగా ఉన్నాయి. తన చేతులు చాచి పక్కన పెట్టారు. అవీ అలాగే ఉన్నాయి. అప్పుడు చాలాసేపు మాట్లాడారు. హిమబిందు ఈసారి తడుముకుంటూ, మాట మాటా వెతుక్కుంటూ చెప్పింది. "పదహారో ఏట ఆవిడ కూడా మడతల గదిలో పనికి చేరారంటండీ. అక్షరాలు అక్కడే నేర్చుకున్నారంట. ఈ మైదానంలో తనకి తెలిసిన వస్తువు ఇదొక్కటే కనపడిందంట. ఇంకోటేదో కూడా అన్నారండీ. సీరియల్లో ఎప్పుడూ వినలేదు, నాకు రాదు."

చుట్టూ విలేకరులు. కెమెరాలు. ఉమాకాంతేశ్వరరావు గారు ఆ చిన్న పుస్తకాన్ని పట్టుకుని కాసేపు ఆలోచించారు. కొరియా అతిథి స్వహస్తాలతో చేసినది తప్పు కావడానికి వీల్లేదు. కాబట్టి అది ఒప్పయి ఉండాలి. ఒప్పయితే మండలి ఆలోచనే అయి ఉండాలి. ఆయన దాన్ని తల మీదికెత్తి కెమెరాలకి చూపించారు.

"తూర్పు ఆసియా మడత కళ," అన్నారు. "మండలి ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టింది."

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట గ్రంథాలన్నీ చుట్టు కాగితాలుగానే వెలువడాలి. కోయరాదు, కుట్టరాదు, మడవరాదు. పాఠకుడు తనంతట తాను మడుచుకొనుటయే సంస్కృతి. మడతలను పరిశీలించడానికి జిల్లాకొక మడత పర్యవేక్షకుడు. నిఘంటువు అరవై రెండు కాగితాలుగా అరవై రెండు కప్పులకి చుట్టుకుని బయటికొచ్చింది. జనం కాగితాల కట్టలు చంకన పెట్టుకుని గవర్నరుపేట సందులోకొచ్చి, "కాస్త మడిచిపెట్టమ్మా," అని నాంచారమ్మ ముందు వరసకట్టేవారు.

అదంతా ఎలా పోయినా, పొద్దున ఆరింటి బడి మొదలైంది. మొదటి పాఠం మూడు మడతలు. నాంచారమ్మ చెప్పింది. రెండో పాఠం సూది. వైదేహి టీచరు చెప్పారు. నలభై మందిలో ముప్పయ్యొక్క మంది ఆఖరి పేజీ దాకా వచ్చారు. నాంచారమ్మ సంయుక్తాక్షరాల దగ్గర రెండుసార్లు ఏడ్చింది, ఒకసారి పలక విసిరికొట్టింది. ఏడాది తిరిగేసరికి తను మడిచే ఫారం ముందు గదిలో ఎవరికీ చూపించక్కర్లేకపోయింది.

ఆ ఏడే ఒక పుస్తకం మడతకీ, కుట్టుకీ వచ్చింది. మండలివారి 'సమగ్ర నిబంధనావళి'. చట్టం జనానికి గాని మండలికి కాదు కాబట్టి, దీన్ని మాత్రం ఎర్ర కాలికో గుడ్డ అతికిన అట్టతో, బంగారు అక్షరాలతో బైండు చేయమన్నారు. రెండొందల కాపీలు, ఒక్కో అధికారికి ఒకటి. నాంచారమ్మ మొదటిసారి ఒక పుస్తకాన్ని చదువుతూ మడిచింది. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, నోటితో పలుకుతూ, నాలుగు ఫారాలు మడిచేసరికి వారమైంది. నాలుగో ఫారం ఆఖరి పేజీలో ఆఖరి పంక్తి ఇది: 'దరఖాస్తు అందిన పిమ్మట సంబంధిత అధికారి దానిని'.

ఆమె ఆ పంక్తిని మూడుసార్లు చదివింది. తర్వాత నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. దుమ్ము దులిపి, పాత కట్ట ఒకటి దించింది. రెండొందల ఫారాలు. అదే సైజు. అరవై ఐదు నుంచి ఎనభై. వాటిని కూడా శ్రద్ధగా చదివింది, ఒక్క మాట పోకుండా. ఈసారి అంకెలూ చూసింది, మాటలూ చూసింది. రెండూ సరిపోయాయనిపించింది. కుట్టేసింది.

ఎనిమిది నెలలు ఏమీ జరగలేదు. పుస్తకం నలుగురు కలెక్టర్ల సమక్షంలో ఆవిష్కరించారు. మడత పర్యవేక్షకులకి దాని మీద పరీక్ష పెట్టారు. అందరూ ఉత్తీర్ణులయ్యారు. తొమ్మిదో నెలలో శేషు గారు వైదేహి టీచరు రెండో పుస్తకానికి దరఖాస్తు పెడితే, అది తిరుగు టపాలో వచ్చింది. కాగితం నిండా ఎర్రని మరకలు, ఏదో ఘాటైన వాసన. అంచున ఉమాకాంతేశ్వరరావు గారి సంతకం, పైన ఆయన చేతిరాత. శేషు గారు కళ్లజోడు వెతుక్కుంటుంటే నాంచారమ్మ అందుకుని, వేలు పెట్టి, గట్టిగా చదివింది.

"'అరవై ఐదవ పేజీ నిబంధన ననుసరించి, తమ దరఖాస్తుకు పావుకిలో ఆవపిండి పట్టించి, తడి తగలకుండా మూడు రోజులు ఊరనిచ్చి, నాలుగో రోజు తిరగ కలపడమైనది. తదుపరి చర్య నిమిత్తము పంపడమైనది.'"

ఒక్క అక్షరం తప్పు పోలేదు.

పామర్తి నాంచారమ్మ
వయసు అరవై ఒకటి
ప్రస్తుతం సింగ్‌నగర్, విజయవాడ